సౌర తుఫాను – ఉపగ్రహ కక్ష్యాక్షయం

2018 జనవరి 12న శ్రీహరికోట నుండి పీఎస్‌ఎల్‌వీ-సీ40 ద్వారా ప్రయోగించిన కార్టోశాట్-2ఎఫ్ సుమారు 500 కిలోమీటర్ల ఎత్తున పరిభ్రమిస్తున్నది. అక్కడి వాతావరణం అతి పలుచన. అయినా పూర్తి శూన్యం కాదు. ఆ ఒరిపిడి వలన ఉపగ్రహం సాధారణంగా రోజుకు 35-40 మీటర్లు దిగుతుంది. 2024 మే 11న ఇస్రో గుర్తించిన దిగుదల సుమారు 180 మీటర్లు.

ముందురోజు భూమిని తాకిన సౌర తుఫానే దీనికి కారణం. సూర్యుని కరోనా నుండి వెలువడిన ద్రవ్యం భూ అయస్కాంత క్షేత్రాన్ని కల్లోలపరచగా, ధ్రువప్రాంతాల్లోకి చేరిన శక్తి థర్మోస్ఫియర్‌ను వేడెక్కించి వ్యాకోచింపజేసింది. కక్ష్యామార్గంలో వాయుసాంద్రత పెరిగింది. 2022 ఫిబ్రవరిలో ప్రయోగించిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో దాదాపు 40 ఇట్లే నశించాయి, అదీ ఒక మోస్తరు తుఫానుకే!

కోల్పోయిన ఎత్తును తిరిగి పొందడానికి వ్యయమయ్యే ఇంధనం ఉపగ్రహ ఆయుష్షులోనిదే. 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఆదిత్య-ఎల్1 సౌరపవనాన్ని ముందుగా కొలిచినా, తీవ్ర తుఫాను అక్కడి నుండి గంటలోపే భూమిని చేరుతుంది.