పాత ఫోటోల్లో అసలు కాలిఫోర్నియా

కాలిఫోర్నియా అనగానే మీకేం గుర్తొస్తుంది? హాలీవుడ్, కంప్యూటర్ ఉద్యోగాలు, మనవణ్ణి చూసుకోవడానికి ఆరు నెలలు వెళ్ళొచ్చిన పక్కింటి పిన్నిగారు పంచిపెట్టిన బాదంపప్పు పొట్లాలు... అంతే కదూ! కానీ ఆ పేరు మొదట పెట్టింది మన పిల్లలుంటున్న ఆ రాష్ట్రానికి కాదంటే నమ్ముతారా?

అమెరికా సరిహద్దు దాటి దక్షిణానికి దిగితే, మెక్సికో దేశంలో సన్నగా, పొడుగ్గా మిరపకాయలా వేలాడే ద్వీపకల్పం ఒకటుంది. దాని పేరు బాహా కాలిఫోర్నియా, అంటే దిగువ కాలిఫోర్నియా. పొడవు 1,200 కిలోమీటర్ల పైమాటే. ఒకపక్క పసిఫిక్ సముద్రం, మరోపక్క సింధుశాఖ, మధ్యలో ఎక్కువ భాగం రాళ్ళూ ముళ్ళూ నిండిన ఎడారి. నీళ్ళ మధ్యనుండీ గుక్కెడు మంచినీళ్ళకు మొహం వాచిన నేల!

అలాంటి నేలను కూడా ప్రాణంలా ప్రేమించేవాళ్ళున్నారు. ఒకసారి వెళ్ళినవాళ్ళు మళ్ళీ మళ్ళీ వెళతారు. అక్కడి పాత ఫోటో ఒక్కటి దొరికినా నిధి దొరికినట్టు సంబరపడతారు. ఎందుకంత సంబరం? ఆ ఫోటోల్లో ఏముంది? రండి, మనమూ ఓసారి ఆ పెట్టె తెరిచి చూద్దాం.

రాణిగారి దీవి

ముందు పేరు సంగతి. 1510 ప్రాంతంలో స్పెయిన్‌లో ఒక వీరగాథ అచ్చయింది. అందులో కాలిఫోర్నియా అనే దీవి వస్తుంది. అక్కడ మగవాళ్ళే ఉండరు! అందరూ ఆడవాళ్ళే. వాళ్ళ ఆయుధాలు బంగారంతో చేసినవి. వాళ్ళ రాణి పేరు కలాఫియా. తర్వాత కొన్నేళ్ళకు స్పెయిన్ నావికులు ఈ ఎడారి తీరం చేరి, ఇదీ ఒక దీవే అనుకున్నారు. కథలోని పేరు దీనికి అంటుకుంది. బంగారం మాత్రం కనిపించలేదు! ఇది దీవి కాదు, పెద్ద నేలకు అతుక్కున్న ద్వీపకల్పమేనని 1700 తర్వాత యూసేబియో కీనో అనే జెసూట్ మతగురువు తిరిగి చూసి, పటం గీసి చూపించారు. అయినా చాలాకాలం కొన్ని పటాల్లో అది దీవిగానే ఉండిపోయింది.

రాళ్ళ మధ్య లేచిన చర్చీలు

1697 అక్టోబరులో హువాన్ మారియా సాల్వతియెర్రా అనే జెసూట్ గురువు గుప్పెడు మందితో పడవ దిగి, లొరెతో అనే చోట మొదటి శాశ్వత మిషన్ స్థాపించారు. మిషన్ అంటే ఒక్క చర్చి కాదండోయ్! చర్చి, ధాన్యపు కొట్టు, పశువుల దొడ్డి, పొలం, నీటికాలువ, చుట్టూ ఆదివాసుల పాకలు... ఒక చిన్న ఊరన్నమాట. 70 ఏళ్ళలో జెసూట్లు ఇలాంటివి పదిహేడు దాకా కట్టారు.

వీటిలో చూడముచ్చటైనది సాన్ హవియేర్. లొరెతో నుంచి కొండదారిన లోపలికి వెళ్ళాలి. 1744 నుంచి 1758 దాకా పద్నాలుగేళ్ళు కట్టిన రాతి చర్చి ఇది. బంగారు పూత పూసిన దాని బలిపీఠాన్ని ముక్కలు ముక్కలుగా మెక్సికో నగరం నుంచి తెచ్చారు. అంత ఎడారిలో, ఆ కొండల మధ్య, అంత పనితనమా అని చూసినవాళ్ళు నోరు వెళ్ళబెడతారు. చర్చి వెనకాల ఆ కాలంలో నాటిన ఆలివ్ చెట్టు ఒకటి ఇప్పటికీ ఉంది. దాని మొదలు మెలికలు తిరిగి, మన ఊరి రావిచెట్టు మొదలులా ఉంటుంది.

ఇంకొకటి సాన్ ఇగ్నాసియో. 1728లో మిషన్ మొదలైతే, ఇప్పుడున్న రాతి చర్చి పూర్తయ్యేసరికి 1786 అయింది. అగ్నిపర్వతపు రాయితో కట్టిన గోడలు నాలుగడుగుల మందం! ఎడారిలో గంటల తరబడి ప్రయాణం చేశాక, ఉన్నట్టుండి ఖర్జూర వనం, నీటిమడుగు, దాని మధ్య ఈ చర్చి కనిపిస్తాయి. ఆ ఖర్జూరాలూ మిషన్ గురువులు తెచ్చినవే. అత్తి, ద్రాక్ష, ఆలివ్ కూడా వాళ్ళ చేతి చలవే.

మరి అంతకుముందు అక్కడివాళ్ళు ఏం తినేవారంటారా? మన చేనుగట్ల మీద పెరిగే కిత్తనార చూశారుగా, దాని జాతి మొక్కల దుంపల్ని గుంటలో కాల్చుకు తినేవారు. సముద్రం చేరువలో చేపలు, ఆల్చిప్పలు. వేసవిలో పితాయా పండు. ఇప్పుడు మన పళ్ళ బండ్ల మీదికొచ్చిన డ్రాగన్ ఫ్రూట్‌కి అది చుట్టం. పితాయా పండే రోజులే వాళ్ళకు పండగ రోజులు. కడుపునిండా తిని, ఆడిపాడేవారు.

ఫోటోలో లేనివాళ్ళు

ఇక్కడే మనసు చివుక్కుమనే సంగతి ఉంది.

ఈ రాళ్ళు మోసిందెవరు? కాలువలు తవ్విందెవరు? కొచిమీ, గువైకూరా, పెరికూ అనే ఆదివాసీ జాతులవాళ్ళు. ఆడవాళ్ళకు నూలు వడకడం, నేయడం నేర్పారు. మగవాళ్ళకు సేద్యం నేర్పారు. కానీ పడవల్లో విత్తనాలతోపాటు మశూచి, తట్టు కూడా దిగాయి. వాళ్ళ ఒంటికి ఆ రోగాలు కొత్త. ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. అదీగాక, చెల్లాచెదురుగా తిరిగి బతికేవాళ్ళని ఒకచోట చేర్చడంతో జబ్బు ఇంకా త్వరగా పాకింది. పాత పద్ధతులు మానమన్నందుకు 1734లో పెరికూలు తిరగబడి ఇద్దరు గురువుల్ని చంపారు కూడా. ఒక అంచనా ప్రకారం మొదట 40 వేలకు పైగా ఉన్న జనం, 1768లో స్పెయిన్ రాజు జెసూట్లను వెళ్ళగొట్టేనాటికి సుమారు 7 వేలకు పడిపోయారు. తర్వాత ఫ్రాన్సిస్కన్లు, డొమినికన్లు వచ్చారు. జనం మాత్రం తరుగుతూనే పోయారు. కొచిమీ భాష మాట్లాడే గొంతు ఇవాళ ఒక్కటీ లేదు.

ఫోటో తీసే పద్ధతి ప్రపంచానికి తెలిసింది 1839లో. అప్పటికే ఇక్కడి మిషన్లు చాలావరకు పాడుబడ్డాయి. అంటే కెమెరా వచ్చేసరికి గోడలు మిగిలాయి గానీ, కట్టినవాళ్ళు మిగల్లేదు! అందుకే ఈ పాత ఫోటోలు చూస్తున్నప్పుడు, కనిపించేవాటితోపాటు కనిపించనివాళ్ళని కూడా తలుచుకోవాలి. ఎంత అందమైన ఫోటోలోనైనా ఆ ఖాళీ ఉంటుంది.

కంచరగాడిదల మీద కెమెరాలు

తర్వాత వచ్చినవాళ్ళు మాత్రం ఉన్నదాన్ని పదిలంగా పట్టుకున్నారు. 1889లో శాంతా రొసాలియా రాగి గనుల్లో ఉద్యోగానికి వచ్చిన లియోన్ దిగే అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త, తీరిక వేళల్లో కొండలు తిరిగి ఫోటోలు తీశాడు. గుహల్లోని ప్రాచీన చిత్రాల గురించి 1895లో పరిశోధన వ్యాసం రాసి లోకానికి చెప్పాడు. 1905-06లో ఆర్థర్ నార్త్ అనే అమెరికన్ కంచరగాడిదల మీద ఆ దారులన్నీ తిరిగి, 1910లో ఫోటోలతో పుస్తకం వేశాడు.

పెర్రీ మేసన్ డిటెక్టివ్ నవలలు చదివారా? వాటి రచయిత ఎర్ల్ స్టాన్లీ గార్డనర్‌కి కూడా ఈ ఎడారి అంటే పిచ్చి! దాని గురించి పుస్తకాలే రాశాడు. 1962లో హెలికాప్టర్లలో వెళ్ళి మరీ గుహచిత్రాల ఫోటోలు తీయించాడు. ఆ కొండల్ని 1993లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

అందరికంటే ఓపికమంతుడు హ్యారీ క్రాస్బీ. శాన్‌డియేగోలో సైన్సు పాఠాలు చెప్పిన మాష్టారు, తర్వాత కెమెరా పట్టుకున్నారు. 1967లో పాత మిషన్లను కలిపే ‘రాజమార్గం’ వెంట కంచరగాడిద మీద వందల మైళ్ళు వెళ్ళారు. పేరుకు రాజమార్గమే గానీ, చాలాచోట్ల మనిషి నడిచే కాలిబాట అంతే! పొడవునా తారు రోడ్డు పడింది 1973లో. రోడ్డు పడకముందు బతుకులెలా ఉండేవో చూపించడం వల్లే ఆయన ఫోటోలకంత విలువ.

వంటింటి దాకా వచ్చిన కెమెరా

ఆ ప్రయాణాల్లో ఆయన కొండల్లోని ఒంటరి ఇళ్ళలో బస చేశారు. ఆ కుటుంబాల్లో చాలామంది మిషన్ల నాటి సిపాయిల సంతతివాళ్ళు. 1981లో వాళ్ళ మీదే ఒక పుస్తకం తెచ్చారు. తాటాకు కప్పు ఇళ్ళు, మట్టి పొయ్యిలు, మేకపాలతో చేసే జున్నుగడ్డలు, ఇంట్లోనే ఊనిన తోళ్ళతో కుట్టిన జీనులు, చెప్పులు... వాళ్ళ బతుకంతా ఇదే. చేత్తో చరిచి పెనం మీద కాల్చే తోర్తియా రొట్టె మన పుల్కాకి అక్కచెల్లెలే అనుకోండి!

చూశారా? చర్చి గోపురం గొప్పదే. కానీ ఒక ఇల్లాలు పొయ్యి ముందు కూర్చున్న ఫోటో చెప్పే చరిత్ర గోపురం చెప్పలేదు. ఆ రోజు ఏం వండుకున్నారు, నీళ్ళెక్కడ దాచుకున్నారు, పిల్లల్నెలా పడుకోబెట్టారు... ఇవన్నీ రాజుల చరిత్రలో ఎవరు రాస్తారు చెప్పండి!

ఫోటోకి మరో ప్రయోజనమూ ఉంది. ఈ మిషన్లలో రాతివి నిలిచాయి గానీ, పచ్చి ఇటుకతో కట్టినవి వానకు కరిగిపోతూ వచ్చాయి. సాన్ ఫెర్నాందో వెలికాతా అలాంటిదే. 1769లో కట్టిన మిషన్, ఇవాళ మిగిలింది అరిగిన మట్టిగోడలు. గోడ కరిగిపోయాక తలుపు ఎటు ఉండేదో, కప్పు ఎంత ఎత్తో చెప్పడానికి పాత ఫోటోయే ఆధారం. శిథిలాన్ని కాపాడాలనుకునేవాళ్ళు మొదట వెతికేదీ దాన్నే.

మరి మీ ఇంటి పెట్టె?

ఎక్కడో ఎడారి సంగతి మనకెందుకంటారా? మీ అటక మీద రేకు పెట్టెలో ఉన్న ఫోటోలూ అలాంటివే మరి! అమ్మమ్మగారి మండువా ఇల్లు, పెరట్లో బావి, గాడిపొయ్యి మీద పెళ్ళి వంటలు... ఆ ఇల్లు ఇప్పుడుందా? ఫోటోలో ఉంటే చాలు, మీ మనవలకు చూపించొచ్చు. కాకపోతే ఈ జాగ్రత్తలు తీసుకోండి.

• ఫోటో వెనకాల ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరం అన్నది మెత్తని పెన్సిల్‌తో, అదిమిపెట్టకుండా రాయండి. బాల్‌పెన్ వద్దు. సిరా అటుపక్కకు దిగుతుంది.

• ఇంట్లో పెద్దవాళ్ళుండగానే కూర్చోబెట్టి పేర్లు అడగండి. వాళ్ళు పోయాక ఆ మొహాలకు పేరుండదు.

• జిగురు పేజీల ఆల్బమ్‌లు, లామినేషన్ వద్దు. కొన్నేళ్ళకు ఫోటో పసుపెక్కి, ఊడిరాకుండా పోతుంది.

• అద్దానికి అతుక్కుపోయిన ఫోటోని లాగొద్దు. అద్దంతోనే కాపీ తీయించండి.

• తడి గోడకు తగిలించొద్దు. వంటింటి ఆవిరి తగలనిచోట, ఎండ పడనిచోట ఉంచండి. పట్టుకునేటప్పుడు అంచులే పట్టుకోండి.

• నెగెటివ్‌లు పారేయకండి. సెల్‌ఫోన్‌తో ఫోటోకి ఫోటో తీసేటప్పుడు నీడపట్టున, ఫ్లాష్ లేకుండా తీయండి. ఒక కాపీ దూరాన ఉన్న పిల్లలకూ పంపండి.

• పెళ్ళి ఫోటోలు ఎలాగూ దాచుకుంటాం. వంటిల్లు, వాకిలి, నూతి దగ్గర బట్టలుతికే పనిమనిషి... వీటినీ దాచండి. ఆ పనిమనిషి పేరు కూడా వెనకాల తప్పకుండా రాయండి.

ఎడారి చర్చీలకు రాళ్ళెత్తినవాళ్ళకు ఫోటో లేకపోయింది, పేరూ లేకపోయింది. మన ఇంటికి చాకిరీ చేసినవాళ్ళకు ఆ లోటు రానివ్వకుండా ఉండటం మన చేతిలో పని. ఈ ఆదివారం పెట్టె దింపుతారు కదూ!