అగ్నిమాపక పంపు ఇంజన్‌కు చల్లదనమే ప్రాణం
చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంత సంస్థలు పాటించవలసిన జాగ్రత్తలు

హైదరాబాద్ - బీజాపూర్ రహదారి వెంట ఉన్న రంగారెడ్డి జిల్లా మొయినాబాద్, చేవెళ్ల మండలాలలో కళాశాలలు, ఆసుపత్రులు, ఫంక్షన్ హాళ్లు, రిసార్టులు వెలిశాయి. ఇటువంటి పెద్ద భవనాలలో నిప్పు రాజుకున్నప్పుడు అగ్నిమాపక శకటం చేరేలోగా రక్షణ కల్పించవలసినది ఆవరణలోని పంపుగదియే. విద్యుత్ సరఫరా నిలిచిపోతే ఆ భారమంతా డీజిల్ ఇంజన్‌పై పడుతుంది. ఏడాదిలో అధిక కాలం కదలకుండా ఉండే ఈ ఇంజన్, ప్రమాదం సంభవించిన మరుక్షణం నుంచి పూర్తి బరువుతో ఎడతెగకుండా పనిచేయాలి. దానిని చల్లబరిచే వ్యవస్థ సక్రమంగా లేనట్లయితే మంటలు ఆరకముందే ఇంజన్ ఆగిపోయే ప్రమాదం ఉంది.

వేడెక్కినా ఆగని ఇంజన్

డీజిల్ మండగా వెలువడే వేడిలో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు శీతలీకరణ వ్యవస్థ ద్వారానే బయటకు పోవలసి ఉంటుంది. సాధారణ జనరేటర్ అతిగా వేడెక్కితే తనంతట తానే ఆగిపోతుంది. అగ్నిమాపక పంపు విషయంలో నియమం వేరు. అమెరికాకు చెందిన జాతీయ అగ్నిరక్షణ సంఘం (ఎన్.ఎఫ్.పి.ఎ.) 20వ ప్రమాణం ప్రకారం, అగ్నిప్రమాద సమయంలో స్వయంచాలకంగా మొదలైన ఇంజన్ వేడెక్కినప్పుడు హెచ్చరిక గంట మోగుతుందే తప్ప ఇంజన్ ఆగదు. ఇంజన్ పాడైనా సరే, మనుషుల ప్రాణాలు దక్కాలన్నదే ఇందులోని ఉద్దేశం. కనుక శీతలీకరణలోని లోపాన్ని ముందుగానే కనుగొనడం తప్పనిసరి.

రెండు విధానాలు

కొన్ని ఇంజన్లకు రేడియేటర్, ఫ్యాన్ ఉంటాయి. వీటికి పంపుగదిలో గాలి ధారాళంగా ఆడాలి. కిటికీలకు అడ్డంగా సామాను పేర్చడం, రేడియేటర్ రెక్కలపై దుమ్ము పేరుకోనివ్వడం తగదు. మరికొన్నింటికి హీట్ ఎక్స్ఛేంజర్ అమర్చి ఉంటుంది. పంపు బయటకు నెట్టే నీటిలో కొద్ది భాగం స్ట్రెయినర్, ప్రెజర్ రెగ్యులేటర్ మీదుగా దీనిలోకి ప్రవేశించి, ఇంజన్‌లోని కూలెంట్ వేడిని గ్రహించి, కాలువలోకి పోతుంది. ఇంజన్ నడుస్తున్నంతసేపు ఈ నీటి ధార కంటికి కనిపించాలి. ధార సన్నగిల్లితే స్ట్రెయినర్‌లో చెత్త చేరిందనో, వాల్వు పూర్తిగా తెరుచుకోలేదనో భావించి వెంటనే సరిచేయాలి. ప్రధాన మార్గం మూసుకుపోయినప్పుడు తెరవవలసిన బైపాస్ వాల్వు ఎక్కడున్నదీ సిబ్బంది అందరికీ తెలిసి ఉండాలి.

బోరు నీటితో జాగ్రత్త

కఠిన శిలల పగుళ్ల నుంచి వచ్చే బోరు నీటిలో తరచు లవణాలు అధికంగా ఉంటాయి. వేడి తగిలినప్పుడు ఇవి గొట్టాల లోపల గారగా పేరుకుంటాయి. ఈ పొర వేడిని బయటకు పోనివ్వదు. అందువల్ల కూలెంట్ తగ్గినప్పుడు బోరు నీటిని పోయరాదు. తయారీదారు సూచించిన కూలెంట్‌ను, సూచించిన పాళ్లలో డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి వాడాలి. హీట్ ఎక్స్ఛేంజర్‌లోకి వెళ్లేది సంపులోని నీరే కనుక సంపును ఎప్పటికప్పుడు శుభ్రపరచడం కూడా ఈ నిర్వహణలో భాగమే.

వారానికి అరగంట పరీక్ష

ఇంజన్‌ను ఐదు నిమిషాలు నడిపి, మొదలైంది కదా అని ఆపివేయడం అనేకచోట్ల అలవాటు. అంత తక్కువ వ్యవధిలో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. థర్మోస్టాట్ తెరుచుకున్నదీ లేనిదీ, గొట్టాలు పూడుకున్నదీ లేనిదీ బయటపడదు. అందుకే ఎన్.ఎఫ్.పి.ఎ. 25వ ప్రమాణం డీజిల్ పంపును వారానికొకసారి కనీసం 30 నిమిషాలు నడిపి చూడాలని నిర్దేశిస్తున్నది. ఆ సమయంలో ఉష్ణోగ్రతను నాలుగైదుసార్లు పుస్తకంలో నమోదు చేయాలి. వారం వారం అంకె పెరుగుతూ ఉంటే అది రానున్న లోపానికి సూచన. పరీక్షకు ముందు కూలెంట్ మట్టం, హోస్ పైపుల పగుళ్లు, ఫ్యాన్ బెల్టు బిగువు పరిశీలించాలి.

వేడిగా ఉన్న రేడియేటర్ మూత ఎట్టి పరిస్థితులలోనూ తెరవరాదు. ఒత్తిడిలో ఉన్న కూలెంట్ ఎగజిమ్మి తీవ్రమైన కాలిన గాయాలు కలిగిస్తుంది. అతిగా వేడెక్కిన ఇంజన్‌లో చన్నీళ్లు పోస్తే లోహం పగిలే ప్రమాదం ఉంది.

అగ్నిమాపక శకటాలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. నిలిచి ఉన్న శకటానికి ఎదురుగాలి లభించదు. కావున పంపు నీటితో అదనంగా చల్లబరిచే ఏర్పాటు ఉన్న శకటాలలో దానిని మరువక వినియోగించాలి. గ్రామ చెరువుల నుంచి నీరు తోడిన తరువాత బురద, ఇసుక మిగలకుండా పంపును, శీతలీకరణ గొట్టాలను మంచినీటితో కడగాలి.

జలాశయాలకు హాని కలగకుండా

1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్ జలాశయాల పరీవాహక ప్రాంతం ఈ మండలాలలో విస్తరించి ఉంది. కూలెంట్‌లో సాధారణంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషపదార్థం. తియ్యగా ఉండడం వల్ల పశువులు, కుక్కలు దానిని తాగే ప్రమాదం ఉంది. కాబట్టి వాడిన కూలెంట్‌ను కాలువలలో పారబోయక, డబ్బాలలో సేకరించి అధీకృత సేకరణదారులకు అప్పగించాలి.

1944 ఏప్రిల్ 14న బొంబాయి ఓడరేవు పేలుడులో అసువులు బాసిన అగ్నిమాపక సిబ్బంది స్మృత్యర్థం ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు దేశమంతటా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ఎండలు ముదిరే ఆ రోజులలోపే ప్రతి సంస్థ తన పంపుగదిని ఒకసారి క్షుణ్ణంగా పరిశీలించుకోవడం శ్రేయస్కరం. అగ్నిప్రమాదం సంభవించినపుడు ఆలస్యం చేయక 101 నంబరుకు ఫోన్ చేయాలి.