ఆ వాద్యం నిజంగా ఆయనదేనా?
పాత వాద్యాల చుట్టూ ఉన్న అపోహలు – వాస్తవాలు

"ఇది ద్వారం వారు వాయించిన వయొలిన్", "ఈ వీణ ఈమని శంకరశాస్త్రి గారి చేతిది" లాంటి మాటలు తెలుగునాట సంగీతం ఉన్న ఇళ్లలో వినపడుతూనే ఉంటాయి. కొన్ని నిజమే కావచ్చు. కానీ ఒక వాద్యం ఫలానా విద్వాంసుడిదని తేల్చడానికి చాలామంది నమ్ముకునే ఆనవాళ్లు పరీక్షకు నిలబడవు. పొరపాటున మరో వాద్యానికి ఆయన పేరు తగిలిస్తే కొన్నవాడి డబ్బు పోవడం చిన్న నష్టం. అసలు వాద్యం ఎక్కడో మూలన పడి ఉన్నా ఇక దాన్ని వెతికేవాళ్లుండరు. అది పెద్ద నష్టం. పాశ్చాత్య దేశాల్లో ఈ నిర్ధారణ ఒక ప్రత్యేక విద్యగా ఎదిగింది. అక్కడ తేలిన సంగతులు మనకూ పనికొస్తాయి.

అపోహ: లోపల 'స్ట్రాడివేరియస్' అని చీటీ ఉంది కాబట్టి ఇది మహామహులు వాయించిన వయొలినే.

వాస్తవం: ఆంటోనియో స్ట్రాడివరి 1737లో ఇటలీలోని క్రెమోనాలో చనిపోయాడు. ఆయన చేసిన వాద్యాల్లో ఇప్పుడు మిగిలినవి సుమారు 650. ఆయన పేరును లాటిన్‌లో అచ్చేసిన చీటీలు అంటించిన వయొలిన్లు మాత్రం లెక్కకు అందనన్ని. 19వ శతాబ్దం చివర్లో, 20వ శతాబ్దం మొదట్లో జర్మనీలోని మార్క్‌నొయికిర్ఖెన్, ఫ్రాన్స్‌లోని మిర్కూర్ లాంటి ఊళ్లలో ఇవి టోకున తయారయ్యాయి. ఆ చీటీ వెనక ప్రతిసారీ మోసం లేదు. ఆ నమూనాలో చేశామని చెప్పడానికే చాలామంది అంటించారు. మన దేశానికి చేరిన పాత వయొలిన్లలోనూ ఇలాంటివి ఉన్నాయి. దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని 1890లో అమెరికా చట్టం చేసింది. కాబట్టి చీటీ అడుగున చిన్న అక్షరాల్లో 'జర్మనీ' అని కనిపిస్తే ఆ వయొలిన్ వయసు దాదాపు తేలిపోయినట్టే.

చెక్కను చదివే పద్ధతి ఒకటుంది. వయొలిన్ పైచెక్క స్ప్రూస్ చెట్టుది. అందులో ఏడాదికొకటి చొప్పున పడిన వలయాలను కొలిచి, వాటిలో ఆఖరిది ఏ సంవత్సరానిదో చెబుతారు. అది 1850 నాటిదైతే స్ట్రాడివరి చేసే అవకాశమే లేదు. 1680ల నాటిదైతే ఆయన చేసి ఉండొచ్చు, అంతే. ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉన్న 'మెసయా' వయొలిన్ అసలుదా కాదా అని 1990ల చివర్లో పెద్ద వివాదం నడిచింది. దాని చీటీ మీద 1716 అని ఉంది. చెక్కలోని వలయాలు 1680ల దాకా వచ్చి ఆగాయి. తర్వాతి కాలపు నకలేమో అన్న వాదన దాంతో బలహీనపడింది. అయినా ఎవరి చేతిపని అన్నది చెక్క చెప్పలేదు. ఇక దాన్ని ఎవరు వాయించారన్నది అసలే చెప్పలేదు.

అపోహ: వాద్యం మీద ఆయన పేరో, సంతకమో ఉంటే ఆయనదే.

వాస్తవం: గిబ్సన్ కంపెనీ 1952లో మొదలుపెట్టిన ఒక రకం గిటార్ల తల మీద 'లెస్ పాల్' అని గిటార్ విద్వాంసుడి పేరు ఉంటుంది. అది మోడల్ పేరు. సంతకాల సంగతి కూడా అంతే. అభిమానులు కొత్త గిటార్ పట్టుకొచ్చి చేయించుకున్నవీ, విరాళాల వేలం కోసం చేయించినవీ బోలెడు. సంతకం పెట్టిన నిమిషం తప్ప ఆ గిటార్ ఆయన చేతిలో లేదు.

అపోహ: సీరియల్ నంబర్ కలిస్తే ఇంకేం కావాలి?

వాస్తవం: 1960లలో గిబ్సన్ ఒకే నంబరును వేర్వేరు గిటార్లకు మళ్లీ మళ్లీ వేసింది. అప్పటి ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ గిటార్లలో నంబరు మెడ వెనకున్న ఇనుప పలక మీద ఉండేది. నాలుగు స్క్రూలు విప్పితే ఆ పలక ఇంకో గిటార్‌కు వెళ్లిపోతుంది. అందుకే నంబరుతో వెతుకులాట మొదలవుతుంది తప్ప ముగియదు. 1962 సెప్టెంబర్‌లో బీటిల్స్ బృందంలోని జాన్ లెనన్, జార్జ్ హారిసన్ లివర్‌పూల్‌లో ఒకేసారి రెండు గిబ్సన్ జె-160ఇ గిటార్లు కొన్నారు. 1963 చివర్లో లండన్ కచేరీల సమయంలో లెనన్ గిటార్ మాయమైంది. చాలా ఏళ్ల తర్వాత కాలిఫోర్నియాలో ఒకాయన పత్రికలో హారిసన్ గిటార్ మీద వ్యాసం చదువుతూ, దాని నంబరుకు తన దగ్గరున్న పాత గిటార్ నంబరుకు తేడా నాలుగే అని గమనించాడు. అయినా అక్కడితో తేల్చెయ్యలేదు. చెక్క చారలనూ గీతలనూ పాత ఫొటోలతో సరిపోల్చాకే అది లెనన్‌ది అన్నారు. 2015లో వేలంలో 24 లక్షల డాలర్లు దాటింది.

అపోహ: ఆ విద్వాంసుడే చెబితే తిరుగుండదు.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువగా ఆలోచించాల్సింది ఇదే. ఎందుకంటే మనం మొదట అడిగేది ఆయన్నే, ఆయన లేకపోతే ఆయన పిల్లల్ని. 1965 జూలై 25న న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ గిటార్‌తో వేదికెక్కాడు. అమెరికా సంగీత చరిత్రలో ఆ సాయంత్రం గురించి ఎంతో రాశారు. ఆ రోజుల్లో ఆయన్ని తీసుకెళ్లిన చిన్న విమానంలో మూడు గిటార్లు మిగిలిపోయాయి. పైలట్ వాటిని ఇంట్లో పెట్టాడు, తర్వాత అవి ఆయన కూతురికి వచ్చాయి. 2012లో ఆమె వాటిలో ఒక దాన్ని, న్యూపోర్ట్‌లో వాయించింది ఇదేనంటూ, 'హిస్టరీ డిటెక్టివ్స్' అనే టీవీ కార్యక్రమానికి తీసుకెళ్లింది. న్యూపోర్ట్ గిటార్ ఇప్పటికీ డిలన్ దగ్గరే ఉందని ఆయన లాయర్ అన్నాడు. అంటే సాక్షాత్తూ యజమాని మాట ఒకవైపు, పైలట్ ఇంటి మాట మరోవైపు.

ఆ తగువు తీర్చింది చెక్క. గిటార్ చరిత్రకారుడు ఆండీ బాబియక్ ఆనాటి రంగుల ఫొటోలను పెద్దవి చేసి, అందులో కనిపించే చెక్క చారలను ఈ గిటార్ చారలతో ఒక్కొక్కటిగా పోల్చాడు. వేలిముద్రల్లాగే ఆ చారలు మరో చెక్కలో రావు. అవి కలిశాయి. పెట్టెలో దొరికిన చేతిరాత పాటల కాగితాలను మరో నిపుణుడు చూసి డిలన్‌వే అన్నాడు. చివరికి ఆమెకూ డిలన్‌కూ రాజీ కుదిరింది. 2013 డిసెంబర్‌లో క్రిస్టీస్ వేలంలో ఆ గిటార్ 9,65,000 డాలర్లు పలికింది.

డిలన్ అబద్ధమాడాడని ఎవరూ అనక్కర్లేదు. దశాబ్దాల పాటు ఎన్నో గిటార్లు చేతులు మారిన మనిషికి ఏది ఏ రోజుదో గుర్తుండకపోవడం సహజం. విద్వాంసుడికే అలా అయినప్పుడు, మూడో తరం చెప్పే మాటను సాక్ష్యంగా రాసుకోవాలి తప్ప తీర్పుగా తీసుకోకూడదు.

అపోహ: ల్యాబ్‌కు పంపితే అంతా తేలిపోతుంది.

వాస్తవం: ల్యాబ్ 'కాదు' అని గట్టిగా చెప్పగలదు. 'ఔను, ఈయనదే' అని చెప్పడం దాని చేతిలో లేదు. టైటానిక్ వాద్యబృందం నాయకుడు వాలెస్ హార్ట్‌లీ వయొలిన్ ఇందుకు ఉదాహరణ. 2006లో ఇంగ్లండ్‌లో బయటపడ్డ ఆ వయొలిన్‌ను ఏడేళ్లు పరీక్షించారు. లోహం మీద తుప్పు సముద్రపు నీటి వల్ల వచ్చిందే అన్నారు, సీటీ స్కాన్ కూడా తీశారు. కానీ సముద్రంలో తడిసిందని తేలితే హార్ట్‌లీది అని తేలినట్టా? దాన్ని ఆయనతో కలిపినవి రెండు. ఒకటి, తమ నిశ్చితార్థానికి గుర్తుగా ప్రియురాలు మరియా చెక్కించిన వెండి పలక. రెండోది, ఆ వయొలిన్ తిరిగి పంపినందుకు కృతజ్ఞత చెబుతూ 1912 జూలైలో ఆమె డైరీలో రాసుకున్న టెలిగ్రామ్ ముసాయిదా. ఆయన శవం దగ్గర దొరికిన వస్తువుల అధికారిక జాబితాలో మాత్రం వయొలిన్ ప్రస్తావన లేదు. అందుకే 2013లో 9 లక్షల పౌండ్లకు అమ్ముడయ్యాక కూడా నమ్మనివాళ్లు మిగిలారు. వాళ్ల అనుమానాన్ని నేను తప్పుపట్టను. అయినా ఆ డైరీ కాగితానిదే పైచేయి అని నా అభిప్రాయం.

అపోహ: మరమ్మతు జరిగితే గుర్తులు చెరిగిపోతాయి.

వాస్తవం: చాలాసార్లు మరమ్మతే గుర్తు. బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న హోఫ్‌నర్ బేస్ గిటార్ 1972లో లండన్‌లో ఒక వ్యాన్‌లోంచి పోయింది. 2024లో అది దొరికిందని ప్రకటించారు. 1964లో దానికి కొత్తగా రంగు వేయించి, పికప్‌లను ఒకే చట్రంలో బిగించారు. ఆ మార్పుల వల్లే అది అదే మోడల్‌లోని మిగతావాటి నుంచి విడిగా కనపడుతుంది.

మన వీణకు ఈ సూత్రం మరీ అవసరం. దానికి కంపెనీ నంబరు ఉండదు. మైనం కరిగించి మేళం (మెట్ల వరస) మళ్లీ కట్టిస్తారు, తీగలు మారతాయి, బిరడాలు మారతాయి. కాబట్టి మెట్లు చూసి ఇది ఎవరిదో చెప్పలేం. కుండ మీద పనసచెక్క చారలు, దండి అతుకు, యాళి నగిషీలో విరిగి అతికిన చోటు నిలుస్తాయి. బొబ్బిలిలో ఒకే దుంగను తొలిచి చేసే ఏకాండి వీణకైతే ఆ అతుకు కూడా ఉండదు, చారలే దిక్కు. పాత కచేరీ ఫొటోలో ఆ చారలు కాస్త స్పష్టంగా పడి ఉంటే చాలు.

2016 చివర్లో వారణాసిలో బిస్మిల్లా ఖాన్ షెహనాయిలు ఇంట్లోంచి పోయాయి. దొరికేసరికి వాటి వెండి కరిగించేసి ఉంది. అలాంటిది జరగకముందే ఆనవాళ్లు భద్రం చేసుకోవాలి. మీ ఇంట్లో ఒక విద్వాంసుడి వాద్యం ఉందని మీరు నమ్ముతుంటే ఈ వారమే పగటి వెలుతురులో ముందూ వెనకా, దగ్గర నుంచి ఫొటోలు తీయండి. ఎవరు ఎవరికి ఎప్పుడు ఇచ్చారో, అది చూసినవాళ్లు ఎవరో పెద్దల చేత చెప్పించి, తేదీ వేసి రాసుకోండి. మరమ్మతు రసీదులు పారేయకండి. కచేరీ ఫొటోలు ఉంటే వాటి నకళ్లు ఇంకో ఇంట్లో కూడా ఉంచండి. ఇవన్నీ అయ్యేదాకా ఆ వాద్యానికి కొత్త పాలిష్ మాత్రం పెట్టించకండి.