వంటయింట మనసు తేరుకొనుట

వంట యనగానే రుచుల ముచ్చట యనుకొందురేమో. నేడు నేను చెప్పబోవునది వేరు. దుఃఖముచేత క్రుంగిన మనస్సు వంటపనిలో నెట్లు తేరుకొనునో, నా యనుభవమును బట్టి విన్నవించెదను.

నా యిల్లాలు గతించిన పిదప నడికుడిలోని మాయింట నాలుగు నెలలు పొయ్యి రాజలేదు. పై వీధినుండి కోడలు పంపిన క్యారియరు సగము తిరిగిపోవుచుండెడిది. ఒకనాడు పాలేరు క్రొత్త జొన్నలు తెచ్చియిచ్చెను. ఏమి తోచెనో, వానిని మరపట్టించి రొట్టె చేయబూనితిని. తట్టినకొలది నెఱ్ఱెలు విచ్చినది. పొరుగింటి అవ్వ గోడమీదుగా చూచి, “అయ్యో పంతులుగారూ, చన్నీళ్లతో జొన్నరొట్టె యెక్కడ వస్తుందండీ? నీళ్లు మరగనియ్యండి” అనెను.

ఆమె మాట నిజము. గోధుమకున్న జిగురు జొన్నకు లేదు. సలసల కాగిన నీరు పోసినగాని పిండిలోని గంజి యుబ్బి పట్టునీయదు. ఆ వేడిపిండిని మర్దించి, అంచు చీలకుండ త్రిప్పుచు తట్టునపుడు మనస్సు మఱియొకచోటికి పోవుటకు వీలులేదు. పోయినచో రొట్టె విఱుగును, లేదా చేయి కాలును. మఱచిపొమ్మని యెందఱు చెప్పినను మఱవలేని నేను ఆ పావుగంట మఱచితిని. పిమ్మట దుఃఖము తిరిగి రాకపోలేదు; కాని దానివెంట ఆకలియు వచ్చెను.

జొన్నకూటిని శ్రీనాథుడు పరిహసించెనని చాటువులు చెప్పుదురు. ఆయన తినుటకు వచ్చెను గాని తట్టుటకు రాలేదు!

పనిచేత రోగికి స్వస్థత గూర్చు విధానమునకు 1917లో అమెరికాలో నొక సంఘమే యేర్పడినది. చేయి స్వాధీనము తప్పినవారికిని, మనస్సు చెదరినవారికిని నేడు కొన్ని వైద్యశాలలలో కూరలు తఱుగుట, పిండి కలుపుట నేర్పుచున్నారు. పనులు వరుస తప్పక నడపుట, పొయ్యిమీది కాలము గమనించుట, తుదకు నలుగురికి వడ్డించుట దానిలో నిమిడియున్నవి. వ్యాధి ముదిరినచో మాత్రము వైద్యుని చూడక తప్పదు. రొట్టెతో తీరునది కాదు.

మగవాడు గరిటె పట్టుటేమని రచ్చబండకడ నవ్వినవారును గలరు. విరాటుని కొలువున వలలుడై వంటశాలలో నున్నవాడు భీముడే గదా! ద్రౌపది తన గోడు చెప్పుకొన రాత్రివేళ వెదకికొనుచు వచ్చినది ఆ వంటశాలకే.

ఇప్పుడు గోంగూర పచ్చడియు నూరుచున్నాను. మా పల్నాటి మిరప యెంత వేయవలెనో యింకను చేతికి కుదురలేదు. మొన్న భోజనమునకు వచ్చిన కొడుకు, పచ్చడి అమ్మ చేసినట్లు లేదనెను. ఎట్లుండును? ఆమె మెంతులు వేయించి పొడిచేసి కలిపెడిది; నేను ధనియాలు వేసితిని. అట్లనుచునే వాడు రెండవమారు వడ్డించుకొనెను.