వారముల పండుగ

కైరుప్పల వంటి ఆదోని ప్రాంతపు మెట్టపల్లెలలో పరిగె యన నెఱుగని రైతు లేడు: కోసిన చేనిలో మిగిలిన కంకులు బీదలు ఏరుకొనునవి. తెలుగు బైబిలులో రూతు ఏరుకొన్నదియు పరిగెయే. యూదులు ఆమె కథను వారముల పండుగకు చదువుదురు.

తొలి పనను అర్పించిన పిమ్మట 50వ దినమున, క్రొత్త పంట పిండితో పులియబెట్టి కాల్చిన రెండు రొట్టెలను దేవునికి అర్పించుట ఆ పండుగ విధి. పెంతెకొస్తు అను గ్రీకు పేరునకు ఏబదియవది యని అర్థము. ఆ దినముననే యెరూషలేములో శిష్యులపై పరిశుద్ధాత్మ దిగెననియు, సుమారు 3000 మంది సంఘమున చేరిరనియు అపొస్తలుల కార్యములు తెలుపుచున్నది. కనుక క్రైస్తవులకు ఆ మనుష్యులే తొలిపంట.

అయితే లేవీయకాండము 23వ అధ్యాయమున ఈ విధి ముగిసిన వెంటనే మరియొక ఆజ్ఞ గలదు: పొలపు అంచులను పూర్తిగా కోయరాదు, పరిగెను బీదలకును పరదేశులకును విడువవలెను. మన సంఘములలో కోతపండుగనాడు ధాన్యము తెచ్చి అర్పింతురు. చేనిలో ఎవరికేమి విడిచితిమో తలచుకొనుటయు ఆ అర్పణలో భాగమే యని మేము భావింతుము.