ఆకాశాన్ని కాగితం మీదికి దించినవారు

రంజాన్ నెలవంక కోసం, ఈద్ చంద్రుని కోసం ఏడాదిలో రెండు మూడు సాయంత్రాలు మనం ఇంటిల్లిపాదీ మిద్దె ఎక్కుతాం. మగ్రిబ్ వేళ అందరి కళ్లూ పడమటి దిక్కునే వెతుకుతాయి. 'అదిగో, ఆ కొబ్బరి మట్ట పక్కన' అని ఒకరంటారు. 'ఎక్కడ దాదీమా, నాకు కనిపించడం లేదు' అని చిన్నవాడు మారాం చేస్తాడు. కనిపించగానే దుఆలు, ముబారక్‌లు. తర్వాత అందరం కిందికి దిగివస్తాం. మిగిలిన రాత్రులన్నీ మన తల మీద ఆకాశం ఒకటి ఉందన్న సంగతే మరచిపోతాం.

ఈమధ్య ఆ నెలవంకను సెల్‌ఫోన్‌లో ఫొటో తీయడం కూడా ఆనవాయితీ అయింది. తీరా చూస్తే ఫొటోలో కనిపించేది ఓ తెల్లని మచ్చ మాత్రమే! కంటికి అంత నాజూకుగా కనిపించిన హిలాల్ కెమెరాకు ఎందుకు చిక్కలేదు? కంటికి కనిపించినదాన్ని కనిపించినట్లే పట్టి ఉంచడం ఎంత కష్టమో ఆ తెల్లని మచ్చే మనకు చెబుతుంది. ఆ కష్టాన్ని ఇష్టంగా భరించిన కొందరిని ఈ వారం గుర్తు చేసుకుందాం.

చూసిందే రాసిన సూఫీ

అబ్దుర్రహ్మాన్ సూఫీ 903లో ఇరాన్‌లోని రయ్ పట్టణంలో జన్మించాడు. ఇస్ఫహాన్‌లో బువైహీ పాలకుడు అదుదుద్దౌలా కొలువులో ఖగోళ శాస్త్రజ్ఞుడుగా ఉండేవాడు. అప్పటికి ఎనిమిది వందల ఏళ్ల కిందట గ్రీకు పండితుడు టాలెమీ రాసిన నక్షత్రాల పట్టికే అందరికీ ప్రమాణం. చాలామంది దానికి నకళ్లు రాసుకుని తృప్తిపడేవారు. సూఫీ మాత్రం పట్టిక చేతబట్టుకుని ఆకాశం వంక చూశాడు. ఏ నక్షత్రం ఎంత వెలుగుతున్నదో తన కళ్లతో పరీక్షించి, తేడా ఉన్నచోట దిద్దాడు. 964 ప్రాంతంలో పూర్తయిన ఆ గ్రంథమే 'కితాబు సువరిల్ కవాకిబ్'. నక్షత్రాల చిత్రాల పుస్తకం అని దాని అర్థం.

అందులో 48 నక్షత్ర మండలాలున్నాయి. ఒక్కొక్కదానికి రెండేసి బొమ్మలు. ఒకటి నేల మీద నిలబడి చూసేవారికి కనిపించే తీరు. రెండవది నక్షత్రాలు చెక్కిన లోహపు గోళాన్ని బయటి నుంచి చూసినప్పుడు కనిపించే తీరు. గోళం మీద కుడి ఎడమలు తారుమారవుతాయి కనుక, చూసేవారు పొరపడకుండా రెండూ గీయించాడు.

ఆయన చూసిన వాటిలో ఒకటి మరీ విశేషమైనది. నేడు మనం ఆండ్రోమెడా అని పిలిచే మండలం దగ్గర 'చిన్న మేఘం' వంటిది ఒకటి ఉన్నదని ఆయన రాసి పెట్టాడు. అదేమిటో ఆయనకు తెలియదు. తెలియకపోయినా చూసినదాన్ని విడిచిపెట్టలేదు. ఆ మేఘం సంగతి తేలడానికి దాదాపు వెయ్యేళ్లు పట్టింది.

ఆనాటి అరబ్బీ పేర్లు నేటికీ మన ఇళ్లలో వినిపిస్తాయి. ఆడపిల్లలకు మనం ముచ్చటగా పెట్టుకునే సురయ్యా, ఊళ్లలో పెద్దలు పిల్లలకోడి అని చూపించే కృత్తికల గుంపే. దాని వెనకాలే వచ్చే ఎర్రని రోహిణి నక్షత్రాన్ని ప్రపంచమంతా అల్దెబరాన్ అంటుంది. వెంబడించేది అని ఆ మాటకు అర్థం.

జహంగీర్ ముసవ్విర్

నింగిని సూఫీ చూసినట్లే నేల మీది జీవులను చూసిన మరొకడు ఉస్తాద్ మన్సూర్. ఈయన మొగల్ చక్రవర్తి జహంగీర్ ఆస్థాన చిత్రకారుడు. 'నాదిరుల్ అస్ర్', అంటే యుగానికే అరుదైనవాడు అనే బిరుదు పొందాడు. తన ముత్తాత బాబర్ ఎన్నో జంతువులను వర్ణించి రాసినా వాటి బొమ్మలు వేయించలేదని జహంగీర్ తన ఆత్మకథలో గుర్తు చేసుకున్నాడు. అందుకే 1612లో గోవా నుంచి సీమకోడి, అంటే టర్కీ కోడి, కొలువుకు వచ్చినప్పుడు దాన్ని చిత్రించమని ఆజ్ఞాపించాడు. 1620లో కాశ్మీర్ వెళ్లినప్పుడు అక్కడి పూలు వందకు పైగా మన్సూర్ చేత గీయించాడు. 1621లో జీబ్రా వచ్చింది. ఆ చారలు ఎవరో రంగు పూసినవని కొందరు అనుమానించారట! పరీక్షించి, సృష్టికర్త ఇచ్చిన చారలే అని తేల్చుకున్నారు. మన్సూర్ గీసిన ఆ జీబ్రా నేడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

కలకత్తా ఇండియన్ మ్యూజియంలో మన్సూర్ వేసిన మరో బొమ్మ ఉంది. అది సైబీరియా కొంగ. తెల్లని ఒళ్లు, ఎర్రని ముఖం. ఐరోపా శాస్త్రజ్ఞులు ఆ పక్షిని గ్రంథాల్లో నమోదు చేసింది 1773లో. మన్సూర్ అంతకు నూరేళ్లకు ముందే దాన్ని చిత్రించాడు. ఏటా చలికాలంలో వేల మైళ్లు ఎగిరి రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చిత్తడి నేలలకు వచ్చే ఆ కొంగలు 2002 తర్వాత అక్కడికి రావడం మానేశాయి. మన పిల్లలకు వాటిని చూపించాలంటే ఇప్పుడు బొమ్మలు, ఫొటోలే దిక్కు.

చీకటి గది నుంచి గాజు పలక వరకు

కెమెరా అంటే లాటిన్ భాషలో గది. ఆ గది రహస్యాన్ని శ్రద్ధగా శోధించినవాడు బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్నుల్ హైసమ్. సూర్యగ్రహణం వేళ చిన్న రంధ్రం గుండా చీకటిలోకి వచ్చిన వెలుగు, నెలవంక ఆకారంలో పడుతుంది. రంధ్రం పెద్దదైతే ఆ ఆకారం చెదిరిపోతుంది. ఎందుకలా అని ఆయన వెయ్యేళ్ల కిందట లెక్కలతో వివరించాడు.

చీకటి గదిలో పడిన బింబాన్ని నిలిపి ఉంచే విద్య 1839లో లోకానికి వెల్లడైంది. మన కన్ను వెలుగును కూడబెట్టలేదు. ఎంతసేపు చూసినా అంతే కనిపిస్తుంది. మందు పూసిన గాజు పలక అలా కాదు, బొట్టు బొట్టుగా కుండ నిండినట్లు గంటల తరబడి వెలుగును పోగుచేసుకుంటుంది. 1888లో ఇంగ్లండులో ఐజాక్ రాబర్ట్స్ సూఫీ చెప్పిన 'చిన్న మేఘాన్ని' ఇలాగే ఫొటో తీసి అందులోని సుడులను పట్టుకున్నాడు. 1923లో అమెరికాలో ఎడ్విన్ హబుల్ తీసిన ఫొటోల వల్ల అది మేఘం కాదనీ, మన పాలపుంత వంటి మరో నక్షత్ర లోకమనీ రుజువైంది. అది మనకు సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నదని నేటి లెక్క.

మన హైదరాబాద్ పలకలు

ఈ కథలో మన హైదరాబాద్‌కూ పాత్ర ఉన్నదని ఎందరికి తెలుసు? ఆకాశాన్నంతా ఫొటోలుగా తీసి నక్షత్రాలను లెక్కించాలని 1887లో పారిస్‌లో పండితులు తీర్మానించారు. ప్రపంచంలోని సుమారు 20 వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నాయి. అందులో రెండు పట్టీల పని చివరకు హైదరాబాద్ నిజామియా వేధశాల చేసింది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్వంత ఆసక్తితో నెలకొల్పిన వేధశాల అది. ఆయన మరణానంతరం నిజాం ప్రభుత్వం దాన్ని స్వీకరించి బేగంపేటకు తరలించింది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది.

1914 నుంచి అక్కడ రాత్రిళ్లు పలకలు తీశారు, పగళ్లు కొలిచారు. ప్రతి పలక మీద సన్నని గళ్లు ముద్రించి, ఒక్కొక్క గడిలోని చుక్కల చోటును సూక్ష్మదర్శినితో చూసి రాసుకోవాలి. మొదట ఆంగ్లేయులు, 1918 నుంచి టి.పి. భాస్కరన్ ఆ పనిని నడిపించారు. ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు 12 సంపుటాలలో అచ్చయ్యాయి.

ఆ శ్రమంతా వృథా అని అనుకున్నవారూ ఉన్నారు. అయితే నక్షత్రాలు ఎంతో నెమ్మదిగా జరుగుతుంటాయి. ఎంత జరిగాయో తెలియాలంటే పాత ఫొటో కావాలి. 1989లో ఐరోపా ప్రయోగించిన హిప్పార్కస్ ఉపగ్రహం కొలతలను ఈ పాత పలకల కొలతలతో పోల్చి, 2000లో 25 లక్షల నక్షత్రాల గమనాన్ని తెలిపే పట్టిక తయారు చేశారు. బేగంపేటలో నిద్ర మానుకుని పనిచేసినవారి ఫలం ముప్పాతిక శతాబ్దం తర్వాత అందింది.

మనం ఏం చేయగలం?

నేడు నగరాల్లో వీధి దీపాలు, హోర్డింగుల వెలుగులో నక్షత్రాలు మాసిపోతున్నాయి. ప్రపంచ జనాభాలో మూడో వంతుకు పైగా తమ చోటు నుంచి పాలపుంతను చూడలేరని 2016లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. కొంగ ఎగిరి వెళ్లిపోయింది. ఆకాశం ఎక్కడికీ పోలేదు, మనమే దీపాలతో కప్పుకున్నాం. కొంగను తిరిగి రప్పించడం మన చేతిలో లేదు, మిద్దె మీది బల్బు ఆర్పడం మాత్రం మన చేతిలో పనే.

వచ్చే నెలవంక నాడు ఒక పని చేద్దాం. ఫోన్‌ను పిట్టగోడకు ఆనించి, తెర మీద చంద్రుణ్ని వేలితో తాకి, వెలుగు తగ్గించి ఫొటో తీద్దాం. చుట్టూ ఉన్న చీకటిని చూసి కెమెరా వెలుగును మితిమీరి తీసుకోవడం వల్లనే హిలాల్ మచ్చగా మారుతుంది. నక్షత్రాలకు ఇందుకు భిన్నంగా చేయాలి. ఫోన్ కదలకుండా పది సెకన్లయినా వెలుగును పోగుచేసుకోనివ్వాలి.

ఫోన్ లేకున్నా ఫరవాలేదు. పిల్లలకు ఓ నోటు పుస్తకం, పెన్సిలు ఇద్దాం. రోజూ చంద్రుడు ఏ ఆకారంలో, ఏ చెట్టు పైన, ఎన్ని గంటలకు కనిపించాడో నెల పొడవునా గీయమందాం. మబ్బు పట్టిన రోజున 'కనిపించలేదు' అని రాయమందాం. పక్కవాడి పుస్తకం చూసి నింపవద్దని మాత్రం ముందే చెబుదాం. అరబ్బీ నెల 29 రోజులతో ముగిసిందో, 30 నిండాయో ఈసారి ఆ పుస్తకం తెరిచి వారే మనకు చెబుతారు.