మెదడుకు అందని కబురు

కడుపు నిండిన సంగతి మీకు చెప్పేదెవరు? కడుపొక్కటే కాదు, మెదడు కూడా!

మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. ఒంట్లోని కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోనును రక్తంలోకి వదిలి, “నిల్వలు చాలు” అని దానికి కబురు పంపుతాయి. అప్పుడు అక్కడి నాడీకణాలు ఆకలిని తగ్గిస్తాయి.

అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఎలుకలకు కొవ్వు మెండుగా ఉన్న మేత పెట్టి, ఫలితాలను 2012లో ప్రకటించారు. ఒళ్ళు బాగా పెరగకముందే, మూడు రోజులలోపునే, హైపోథాలమస్‌లో వాపు లక్షణాలు కనిపించాయి. నాడీకణాలకు అండగా ఉండే గ్లియా కణాలు ఉబ్బాయి. వాపు ఉన్నచోట లెప్టిన్ కబురు సరిగా అందదు. ఆకలి అదుపు తప్పుతుంది. స్థూలకాయుల మెదడు చిత్రాలలోనూ ఇటువంటి గుర్తులే కనిపించాయి.

కాబట్టి లావుగా ఉన్న మిత్రుణ్ణి “తిండిపోతు” అని వెక్కిరించకండి. ఆకలి మన పట్టుదల ఒక్కదాని చేతిలోనే లేదు. మీరు మాత్రం నూనెలో వేగిన తిండ్లను మితంగా తినండి!